భాగం తెలుసు – మొత్తమెంత?
నూటి లెక్కలో ఒక పాఠం (పిల్లలు, పెద్దలు కలిసి చేయదగినది)



ఈసారి పాఠం ఒక జీతపు కాగితంతో మొదలవుతుంది. 2023లో ఒక సాయంత్రం, బెంగుళూరు శివారులో మా వీధిలోనే ఉండే ఒక సోదరి, తొమ్మిదో తరగతి చదివే కొడుకును వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చింది. ఆమె భర్త ఒక కాంట్రాక్టరు కింద ఫ్యాక్టరీలో పని చేస్తాడు. చేతిలో ఒక నెల జీతపు కాగితం.

"మాస్టారండీ, ఈ కాగితం ఒకసారి చూసి పెట్టండి. పి.ఎఫ్. సరిగా కోస్తున్నారో లేదో మాకు తెలియటం లేదు. ఆయన్ని అడిగితే, కోస్తున్నారు గదా, ఇంకేం కావాలి అంటారు."

కాగితం మీద ఉన్నవి మూడే అంకెలు. పి.ఎఫ్. కోత 672 రూపాయలు, ఇ.ఎస్.ఐ. కోత 105 రూపాయలు, చేతికి వచ్చినది 13,223 రూపాయలు. ఎంత జీతం మీద ఈ కోతలు లెక్క కట్టారో ఆ కాగితంలో ఎక్కడా లేదు. చాలామంది ఇళ్లకు వచ్చే కాగితాలు ఇలాగే ఉంటాయి. భాగం కనిపిస్తుంది, మొత్తం కనిపించదు. కనిపించని ఆ మొత్తాన్ని బయటికి తీయటమే ఈ నెల మన పాఠం.

1. నూటికి అంటే ఏమిటి?

మన పిల్లలు ఒక్కో రాష్ట్రంలో ఒక్కో భాషలో లెక్కలు నేర్చుకుంటున్నారు. కన్నడ బడిలో శేకడా అంటారు, మరాఠీ బడిలో టక్కే అంటారు, ఒరియా బడిలో శతకడా అంటారు, తమిళ బడిలో సదవీదం అంటారు. మన తెలుగులో శాతం. అన్నింటి అర్థం ఒక్కటే. మన పెద్దవాళ్లు వాడే "నూటికి ఇంత" అన్న మాటలో ఆ అర్థం విప్పి చెప్పినట్టే ఉంటుంది. నూటికి పన్నెండు అంటే, మొత్తాన్ని నూరు సమాన వాటాలు చేసి అందులో పన్నెండు వాటాలు తీసుకోవటం. ఈ ఒక్క సంగతి మనసులో నిలిస్తే సూత్రాలు బట్టీ పట్టనవసరం లేదు.

శాతం లెక్కలు మూడు రకాలు.

మొదటి రకం: మొత్తం తెలుసు, శాతం తెలుసు, భాగం కావాలి.
రెండవ రకం: మొత్తం తెలుసు, భాగం తెలుసు, శాతం కావాలి.
మూడవ రకం: భాగం తెలుసు, శాతం తెలుసు, మొత్తం కావాలి.

దశమభాగం లెక్క మనలో అందరికీ తెలుసు. పది వేలకు ఒక వెయ్యి. ఇది మొదటి రకం. ఒకరు పదింట ఒకటి చొప్పున వెయ్యి రూపాయలు ఇచ్చారు, వారి రాబడి ఎంత అని అడిగితే అది మూడవ రకం. (ఇతరుల రాబడిని ఇలా కూపీ తీయటం మంచి అలవాటు కాదు గాని, లెక్క మాత్రం ఇదే.) మొదటి రెండు రకాలు బడిలో బాగా సాధన చేయిస్తారు. మూడవది ఒకటి రెండు లెక్కలతో సరిపెడతారు. బజారులో, ఫ్యాక్టరీలో, పొలంలో మనకు ఎక్కువగా ఎదురయ్యేది మాత్రం ఇదే.

2. చేసే విధానం

మెట్టు 1: ఇచ్చిన భాగాన్ని శాతంతో భాగించండి. నూటిలో ఒక వాటా విలువ వస్తుంది.
మెట్టు 2: దానిని 100తో గుణించండి. మొత్తం వస్తుంది.
మెట్టు 3: వచ్చిన మొత్తానికి ఆ శాతం కట్టి చూడండి. మొదట ఇచ్చిన భాగమే తిరిగి రావాలి.

మూడవ మెట్టును ఎన్నడూ వదలకండి. ఒక నిముషం పని, కాని తప్పును అక్కడే పట్టి ఇస్తుంది.

దీనినే బడి పుస్తకాలలో ఏకవస్తు పద్ధతి అంటారు. పాతకాలం పంతుళ్లు త్రైరాశికం అనేవారు. తెలిసిన మూడు రాశుల నుండి తెలియని నాల్గవదాన్ని రాబట్టే పద్ధతి అది. 9వ శతాబ్దంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు సంస్కృతంలో రచించిన "గణితసార సంగ్రహం"లో త్రైరాశికానికి పెద్ద పీట వేశారు. రాష్ట్రకూటుల రాజధాని మాన్యఖేటం ఈనాటి కర్ణాటకలోని మల్‌ఖేడ్. ఆ గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చినవాడు పావులూరి మల్లన. కనుక ఈ లెక్క కన్నడ దేశం నుండి తెలుగు దేశానికి వచ్చి, మన పిల్లల పలకల మీదుగా మళ్లీ కన్నడ దేశానికి చేరిందన్నమాట.

3. కొన్ని ఉదాహరణలు

మార్కులు: కోలారులో ఒక పిల్లవాడికి పదవ తరగతిలో 500 మార్కులు, చెన్నైలో వాడి పినతల్లి కొడుకుకు 400, విజయవాడలో మేనమామ కూతురికి 480. ముగ్గురూ "నాకు 80 శాతం" అంటున్నారు. ఎవరు అబద్ధమాడుతున్నారు?

కోలారు: 500 ÷ 80 = 6.25. దానిని 100తో గుణిస్తే 625.
చెన్నై: 400 ÷ 80 = 5. దానిని 100తో గుణిస్తే 500.
విజయవాడ: 480 ÷ 80 = 6. దానిని 100తో గుణిస్తే 600.

కర్ణాటక ఎస్.ఎస్.ఎల్.సి.కి మొత్తం 625 మార్కులు, తమిళనాడు పదవ తరగతికి 500, ఆంధ్రప్రదేశ్‌లో 600. ముగ్గురూ నిజమే చెప్పారు. మార్కులు మాత్రమే పోల్చి చెన్నై పిల్లవాడిని చిన్నబుచ్చితే తప్పు మనది. మొత్తం తెలియకుండా భాగాలను పోల్చరాదు.

వడ్లు, బియ్యం: సింధనూరు, గంగావతి ప్రాంతాల క్యాంపులలో వరి పండించే మనవాళ్లకు ఇది అవసరమైన లెక్క. ప్రభుత్వం కొన్న ధాన్యాన్ని మరకు ఇచ్చేటప్పుడు నూరు కిలోల వడ్లకు 67 కిలోల పచ్చి బియ్యం చొప్పున, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోల చొప్పున లెక్క కడతారు. ఇంటికి సంవత్సరానికి 600 కిలోల పచ్చి బియ్యం కావాలనుకొందాం. ఎన్ని వడ్లు ఇంట్లో ఉంచుకోవాలి?

600 ÷ 67 = 8.955. దానిని 100తో గుణిస్తే సుమారు 896 కిలోలు. 75 కిలోల బస్తాలైతే 12 బస్తాలు, అనగా 900 కిలోలు. సరిచూద్దాం: 900 కిలోలకు 67 శాతం 603 కిలోలు. సరిపోయింది. కాని ఎండ తగలని వడ్లకు, నూకలు ఎక్కువ వచ్చే మరకు 67 రాదు. మీ మరలో నిజంగా ఎంత వస్తుందో ఒక బస్తా ఆడించి చూసుకొని ఆ అంకెతో భాగించండి.

బీడీలు: షోలాపూరులో బీడీలు చుట్టే మన సోదరీమణులకు ఒక మాట. పి.ఎఫ్. కోత సాధారణంగా నూటికి 12. కాని బీడీ, ఇటుక, జనపనార, కొబ్బరి పీచు వంటి కొన్ని పరిశ్రమలలో అది నూటికి 10. కనుక మీ లెక్క ఇంకా సులువు. కోసిన పి.ఎఫ్.ను పదితో గుణిస్తే చాలు, యజమాని పుస్తకంలో మీ పేరున రాసిన కూలి తెలుస్తుంది. నెలలో 310 కోశారనుకొందాం. రాసిన కూలి 3,100. ఆ నెల మీరు ఎన్ని వేల బీడీలు ఇచ్చారు, వెయ్యికి ఎంత చొప్పున తీసుకొన్నారు అన్నది మీ దగ్గర రాసి ఉంటే రెండూ పక్కపక్కన పెట్టి చూడండి.

4. ఇక ఆ కాగితం సంగతి

మేము ముగ్గురం కూర్చున్నాము. పిల్లవాడికి పెన్సిలు ఇచ్చాను. "పి.ఎఫ్. నూటికి పన్నెండు. 672 కోశారు. మొత్తమెంత?"

వాడు కన్నడంలో గొణుక్కుంటూ వేశాడు. 672 ÷ 12 = 56. దానిని 100తో గుణిస్తే 5,600.

"అయిదు వేల ఆరు వందలా?" అంది తల్లి. "కాదు బాబూ, సరిగా వెయ్యి. నాన్నకు పద్నాలుగు వేలు గదరా."

వాడు తిరగేసి వేశాడు. 5,600కు 12 శాతం 672. తప్పు లేదు.

"సరే, ఇ.ఎస్.ఐ.తో చూడు" అన్నాను. ఉద్యోగి నుండి కోసే ఇ.ఎస్.ఐ. 2019 జూలై నుండి నూటికి 0.75, అనగా ముప్పావు వంతు రూపాయి. శాతం ఒకటి కంటె తక్కువ ఉంటే పిల్లలు తడబడతారు. అప్పుడు ఒక ఉపాయం చేయండి. 0.75కు 105 అయితే, నాలుగింతలు చేస్తే 3 శాతానికి 420. ఒక శాతానికి 140. నూరు శాతానికి 14,000.

చేతికి వచ్చిన 13,223కు రెండు కోతలూ కలిపి చూశాము. 13,223 + 672 + 105 = 14,000. ఇదీ సరిపోయింది.

అంటే ఒకే మనిషి, ఒకే నెల, ఒకే కాగితం. ఇ.ఎస్.ఐ.కి జీతం 14,000. పి.ఎఫ్.కు జీతం 5,600. కాగితం మీద ఎక్కడా లేని అంకె పిల్లవాడి పెన్సిలు కింద బయటపడింది.

ఇక్కడ తొందరపడి ఎవరినీ దొంగ అనకూడదు. రెంటికీ జీతాన్ని లెక్కించే నియమాలు పూర్తిగా ఒకటి కావు. పి.ఎఫ్.ను మూల వేతనం, కరువు భత్యం మీద లెక్కిస్తారు. ఇంటి అద్దె భత్యం, ఓవర్‌టైము వంటివి అందులో చేరవు. కాని పేరు మార్చి అందరికీ ఒకే తీరున ఇచ్చే "స్పెషల్ అలవెన్సు" వంటి భత్యాలను పి.ఎఫ్. నుండి తప్పించరాదని 2019 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన లేబర్ కోడ్‌ల ప్రకారం, మినహాయించే భత్యాలు మొత్తంలో సగాన్ని మించితే, మించినంత తిరిగి వేతనంలో కలుస్తుంది. ఈ కాగితంలోనైతే 14,000లో 8,400, అనగా నూటికి 60 వంతులు, భత్యాల పేరున పక్కకు పోయాయి. అవి ఏ భత్యాలు అని అడిగే హక్కు పనివాడికి ఉంది.

5. దీనివల్ల నష్టమెంత?

"తక్కువ కోస్తే మనకే మంచిది గదా, చేతికి ఎక్కువ వస్తుంది" అని ఆమె భర్త అన్నాడు. చాలామంది అనే మాటే ఇది. లెక్క చూద్దాం.

14,000 మీద పి.ఎఫ్. 1,680. ఇప్పుడు కోస్తున్నది 672. తేడా 1,008. అంత మేరకు చేతికి వచ్చేది తగ్గే మాట నిజమే. 13,223 కాస్తా 12,215 అవుతుంది. అద్దె, ఫీజులు కట్టుకునే ఇంటికి ఇది చిన్న సంగతి కాదు. కాని యజమాని కూడా అంతే వాటా కట్టాలి. కనుక ఆ తేడా వల్ల నెలకు 2,016 రూపాయలు ఆయన పేరున జమ కాకుండా పోతున్నాయి. అందులో 1,008 యజమాని ఇవ్వవలసినవి.

రెండవది పెన్షను. యజమాని కట్టే పన్నెండులో 8.33 శాతం పెన్షనుకు పోతుంది. పెన్షను లెక్క ఇది: చివరి 60 నెలల సగటు జీతాన్ని పనిచేసిన సంవత్సరాలతో గుణించి 70తో భాగించాలి. జీతం అంటే పుస్తకంలో రాసిన జీతం. పదిహేను సంవత్సరాల సర్వీసు అనుకొందాం.

5,600 మీద: 5,600 × 15 ÷ 70 = 1,200 రూపాయలు.
14,000 మీద: 14,000 × 15 ÷ 70 = 3,000 రూపాయలు.

ఇది నెల నెలా, బ్రతికినంత కాలం ఉండే తేడా. ఆయన తరువాత భార్యకు వచ్చే పెన్షను కూడా ఈ రాసిన జీతం మీదనే ఆధారపడుతుంది. ఆ మాట విన్న తరువాత ఆమె చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

పి.ఎఫ్. పాస్‌బుక్కు ఫోనులో ఉమంగ్ యాప్ ద్వారా కూడా చూసుకోవచ్చు. అందులో పెన్షను వాటాకు వేరే గడి ఉంటుంది. వారిది తెరిస్తే 466 అని ఉంది. 8.33తో భాగించటం కష్టమనుకుంటే 12తో గుణించండి. 8.33 శాతం అంటే దాదాపు పన్నెండవ వంతు గదా. 466 × 12 = 5,592. సుమారు 5,600. రెండు దారులలో వెళ్లినా ఒకే చోటికి చేరాము.

"ఎనిమిది రూపాయలు తక్కువ వచ్చింది గదా మాస్టారూ" అన్నాడు పిల్లవాడు. మంచి ప్రశ్న. కోతలను పైసలు లేకుండా రూపాయలకు సర్దుతారు, మనం కూడా 8.33ను పన్నెండవ వంతుగా సర్దాము. భాగంలో చిన్న సర్దుబాటు మొత్తంలో పెద్దదవుతుంది. శాతం ఎంత చిన్నదైతే ఈ తేడా అంత పెద్దది. పి.ఎఫ్.లో ఒక రూపాయి తేడా మొత్తంలో సుమారు 8 రూపాయలు. ఇ.ఎస్.ఐ.లో ఒక రూపాయి తేడా మొత్తంలో 133 రూపాయలు. కనుక కొద్ది తేడా వస్తే కంగారు పడకండి. 5,600కు, 14,000కు మధ్య ఉన్న తేడా మాత్రం సర్దుబాటు వల్ల వచ్చేది కాదు.

6. జాగ్రత్త పడవలసిన చోట్లు

మొదటి తప్పు – తగ్గింపు: నూటికి 20 తగ్గించి చీరను 640 రూపాయలకు ఇచ్చారు. అసలు ధర ఎంత? చాలామంది 640కి 20 శాతం, అనగా 128 కలిపి, 768 అంటారు. ఇది తప్పు. 20 శాతం తగ్గించినది అసలు ధర మీద గాని 640 మీద కాదు. తగ్గించగా మిగిలినది 80 శాతం. 640 ÷ 80 = 8. దానిని 100తో గుణిస్తే 800. సరిచూడండి: 800లో 20 శాతం 160. తీసివేస్తే 640.

రెండవ తప్పు – కలిసిన పన్ను: 18 శాతం జి.ఎస్.టి.తో కలిపి బిల్లు 590. పన్ను లేని ధర ఎంత? 590లో 18 శాతం తీసివేస్తే 483 రూపాయల 80 పైసలు వస్తుంది. ఇదీ తప్పే. 590 అంటే 100 కాదు, 118 వాటాలు. 590 ÷ 118 = 5. దానిని 100తో గుణిస్తే 500. పన్ను 90.

రెండు తప్పులకూ మూలం ఒకటే. చేతిలో ఉన్న అంకె నూటికి ఎన్ని వాటాలో ముందు నిర్ణయించుకోకుండా లెక్క మొదలుపెట్టటం. కనుక లెక్క వేయకముందే కాగితం మీద ఒక వాక్యం రాయండి: "నా దగ్గరున్నది నూటికి ఇన్ని వాటాలు." కోత తెలిస్తే 12. తగ్గింపు పోగా మిగిలినది తెలిస్తే 80. పన్నుతో కలిసినది తెలిస్తే 118. ఆ వాక్యం సరిగా ఉంటే తక్కిన పని భాగాహారం, గుణకారం మాత్రమే.

7. తరువాత ఏమైంది?

ఆ రాత్రి తల్లీకొడుకులు పాస్‌బుక్కులోని నెలలన్నీ ఒక నోటుపుస్తకంలో ఎక్కించారు. తారీఖు, కోత, దానినిబట్టి రాసిన జీతం, చేతికి వచ్చిన జీతం, నాలుగు గడులు. భర్త రెండు వారాలు వెనుకాడాడు. పని పోతుందేమోనన్న భయం, నెలకు వెయ్యి తగ్గుతుందన్న దిగులు. చివరకు తనతో పనిచేసే మరి ముగ్గురి కాగితాలు కూడా అదే విధంగా లెక్క కట్టి, నలుగురూ కలిసి వెళ్లి అడిగారు. ఆ కాంట్రాక్టరు మొదట కసిరాడట. నోటుపుస్తకం చూపించాక "చూస్తాను" అన్నాడట. రెండు నెలల తరువాత వచ్చిన కాగితంలో పి.ఎఫ్. 1,680 అని ఉంది. గడచిన నెలల బాకీ కోసం పి.ఎఫ్. కార్యాలయంలో అర్జీ పెట్టారు. ఆ సంగతి అంత త్వరగా తేలేది కాదని వారికీ తెలుసు.

మీ ఇంట్లో కూడా ఈ నెల జీతపు కాగితాన్ని పిల్లల ముందు పెట్టి ఈ లెక్క చేయించండి. వారికి సాధన అవుతుంది, మీకు సంగతి తెలుస్తుంది.

అభ్యాసం

1. తెలుగు బడికి ఈ వారం 27 మంది వచ్చారు. ఇది పేర్లు రాయించుకొన్న వారిలో 60 శాతం. మొత్తం పిల్లలెందరు?
2. జీతపు కాగితంలో ఉద్యోగి ఇ.ఎస్.ఐ. కోత 132 రూపాయలు. దేని మీద లెక్క కట్టారు?
3. చీటీ పాటలో నూటికి 5 చొప్పున కమీషను 2,500 పోయింది. చీటీ మొత్తమెంత?
4. నూటికి 25 తగ్గించగా కుక్కరు 900కు వచ్చింది. అసలు ధర ఎంత?
5. 5 శాతం పన్నుతో కలిపి బిల్లు 420. పన్ను లేని ధర ఎంత?
6. ఒక అమ్మాయి స్కాలర్‌షిప్పులో 35 శాతం, అనగా 4,200 రూపాయలు, పుస్తకాలకు పెట్టింది. ఇంకా చేతిలో ఎంత ఉంది? (ముందు మొత్తం కనుక్కోండి.)

జవాబులు: 1) 45 మంది. 2) 17,600 రూపాయలు. 3) 50,000 రూపాయలు. 4) 1,200 రూపాయలు. 5) 400 రూపాయలు. 6) మొత్తం 12,000, చేతిలో 7,800 రూపాయలు.